బిళ్లయా? బండియా?

మన పల్లెలలో క్రొత్తగా రెండు పక్షములు బయలుదేరినవి. ఇవి ఎన్నికల పక్షములు కావు, కులపక్షములును కావు. చిన్నకారు కొనదలచిన గృహస్థుని చుట్టును మూగి, ఈ సంస్థవారి బండి మేలని కొందరును, ఆ సంస్థవారిది మేలని కొందరును కంఠశోష పెట్టుకొను పక్షములు. పెండ్లిపందిటిలో, టీకొట్టు బల్లపై, వడ్లు తూచు కాంటా యొద్ద, నలుగురు కూడిన చోటనెల్ల ఈ వాదమే వినవచ్చుచున్నది. ఒకరు మైలేజి యందురు. ఒకరు మరల అమ్మినపుడు వచ్చు ధర యందురు. ఇంకొకరు తమ బావమరిది కొన్నాడు గనుక అదియే కొనవలెనందురు. బండి ముందరి బిళ్లను చూచినవారే గాని, బండి లోపల నేమున్నదో అడిగినవారు ఈ రెండు పక్షములలోను అరుదు. బిళ్లబంట్రోతును చూచి కలెక్టరని దండము పెట్టు రోజులు పోయినవనుకొంటిమి. పోలేదు.

సిద్దిపేట జిల్లాలోని ఇబ్రహీంపూరునే తీసికొందము. 2016 నవంబరులో పెద్దనోట్లు రద్దైన పిమ్మట, నగదు లేకుండ కార్డులతోనే క్రయవిక్రయములు సాగించు గ్రామమని పత్రికలకెక్కిన ఊరది. ఉప్పుపప్పుల బేరములోనే క్రొత్త పద్ధతి నేర్చిన అట్టి ఊరిలో ఒక గృహస్థుడు చిన్నకారు కొనదలచెననుకొందము. అతనిది విలాసము కాదు. నేటివరకు మోటారుసైకిలుపై ముందొక బిడ్డను, వెనుక భార్యను, ఆమె ఒడిలో మరియొక బిడ్డను కూర్చుండబెట్టుకొని సిద్దిపేటకు పోయివచ్చుచున్నాడు. సిద్దిపేట నుండి సికింద్రాబాదునకు 2023 అక్టోబరు 3వ తేదీ నుండి రైలు నడచుచున్నది. రాజీవ్ రహదారిపై బస్సులును తిరుగుచున్నవి. అయినను అర్ధరాత్రివేళ ముసలితల్లికి ఆయాసము వచ్చినపుడు రైలైనను, బస్సైనను తన వేళకే వచ్చును గాని ఆమె వేళకు రాదు. కావున కారు కొనుట తప్పని మేమనము. ఏండ్ల తరబడి కూడబెట్టిన సొమ్మును, ముందు ఏండ్ల తరబడి తీర్చవలసిన అప్పును ఒకచోట చేర్చి అతడు రెండు షోరూములు తిరిగినాడు. రెండుచోట్లను ఒకే పొడవు, ఇంచుమించు ఒకే ఇంజను, ఇంచుమించు ఒకే ధర. రెండుచోట్లను ఒకే చిరునవ్వు. తిరిగివచ్చి, ఏది కొందునని పఠనమందిరములో అడుగుచున్నాడు.

ఎద్దును కొనబోయిన రైతు ఇట్లడుగడు. పండ్లు చూచును, గిట్టలు చూచును, సుడులు చూచును, కాడి కట్టి పది అడుగులు నడిపించి చూచును. ఆ యెద్దు ఏ దొరవారి కొట్టములో పుట్టినదను మాట చిట్టచివరకు వచ్చును. సంతలో ఇంత తెలివి చూపు మనిషి, అద్దాల షోరూము మెట్లెక్కగానే ఆ తెలివిని చెప్పులతోపాటు వెలుపల విడిచి లోనికి పోవుచున్నాడు.

ఈ రెండు కార్లును కవలలవలె ఏల ఉన్నవో ముందుగా విచారింతము. ఇది ఇంజనీర్ల మహిమ కాదు, పన్ను మహిమ. 2006వ సంవత్సరపు కేంద్ర బడ్జెటులో, పొడవు 4 మీటర్లకు మించక, పెట్రోలు ఇంజను 1200 సీసీకిని, డీజిలు ఇంజను 1500 సీసీకిని లోబడిన కార్లపై ఎక్సైజు సుంకమును నూటికి 24 నుండి 16కు తగ్గించిరి. అంతట కార్ల కర్మాగారములన్నియు గజముకర్ర చేతబట్టినవి. 2008లో టాటావారు ఇండిగో కారును కురుచచేసి విడిచిరి. 2012లో మారుతివారి డిజైరుకు తోక కోసిరి. బ్రెజా, వెన్యూ, సోనెట్ అను మూడు బండ్లు మూడు బిళ్లలతో అమ్ముడగుచున్నవి. మూడింటి పొడవును 3995 మిల్లీమీటర్లుగనే నిలిచినది. నాలుగు మీటర్లకు అయిదు మిల్లీమీటర్లు, అనగా వడ్లగింజ పొడవైన లేదు, తక్కువ! ప్రభుత్వము ఏ కర్రతో కొలిచిన కర్మాగారము ఆ కర్రకు సరిపోవు బండిని చేయును. ఈ మాటను పాఠకులు గుర్తుంచుకొనవలెనని కోరుచున్నాము. మరల దీనికే రావలసియున్నది.

కవలలవలె ఉండుట అటుంచుడు. కొన్నియెడల రెండు బండ్లును నిజముగా ఒకటే. 2015లో వచ్చిన మారుతివారి బలేనోయే 2019 జూనులో టొయోటావారి బిళ్ల తగిలించుకొని గ్లాంజా అను పేర బజారుకు వచ్చెను. గుజరాతులోని సుజుకి కర్మాగారమే రెంటికిని పుట్టినిల్లు. ఒక బిళ్లతో కొన్నవానికి ఆనాడు 2 ఏండ్లు లేదా 40,000 కిలోమీటర్ల వారంటీ. రెండవ బిళ్లతో కొన్నవానికి 3 ఏండ్లు లేదా లక్ష కిలోమీటర్ల వారంటీ. ఒకే తల్లి బిడ్డలు, ఒకే పాలు త్రాగినవారు. ఒకని ఆయుస్సునకు పూచీ రెండేండ్లు, రెండవవానికి మూడేండ్లు! ఐదేండ్లు గడచి, 2024 జులైలో గాని మారుతివారు తమ పూచీని మూడేండ్లకును లక్ష కిలోమీటర్లకును పెంచలేదు. 2020 జులైలో పెట్రోలు పంపు దోషమని మారుతివారు వాగనార్, బలేనో బండ్లను 1,34,885 వెనుకకు పిలువగా, వెంటనే టొయోటావారును అదే దోషమునకు గ్లాంజాలను పిలిచిరి. బిళ్ల వేరైనను రోగమొకటే. ఈ రెంటిలో ఏది గట్టిదని ఆ దినములలో మిత్రులు మాటలాడుకొనుట మానిరో, ఇంకను కొట్లాడుచునే యుండిరో వారికే తెలియవలెను.

మన తెలుగునేలపైనే మరియొక దృష్టాంతము కలదు. పెనుకొండ యొద్ద 2019 నుండి కార్లు చేయుచున్న కియా సంస్థలో పెద్ద వాటాదారు హ్యుందయ్ సంస్థయే. వెన్యూ మేలా, సోనెట్ మేలా యని అన్నదమ్ములు పలుకులు మానుకొన్నను, లాభములో కొంతభాగము ఒకే ఇంటి పెట్టెలోనికి పోవుచున్నది.

ఇచట స్వదేశీయాభిమానులు లేచి, అట్లైన మన దేశపు బిళ్లనే కొందమందురు. వారి అభిమానమును గౌరవింతుము. కాని స్వదేశీయమనగా బిళ్లపై వ్రాసిన పేరా? మారుతి 1981లో ప్రభుత్వసంస్థగా పుట్టి, 1983 డిసెంబరులో తొలికారును ఇచ్చినది. 2002 నుండి దానిలో అధికభాగము జపానుదేశపు సుజుకివారిది. మన ఊళ్లలో దానినే దేశవాళీ బండిగా ఎంచువారు నేటికిని కలరు. మరియొకవైపున పెనుకొండ కార్ఖానాలో చెమటోడ్చువారు మన బిడ్డలు, బిళ్ల కొరియాది. టాటా, మహీంద్రాలను నడపువారు మనవారే. ఇవన్నియు లెక్కింపదగినవే యని ఒప్పుకొందుము. అయినను దేశాభిమానికి ముందుగా కోపము రావలసిన విషయము వేరొకటి కలదు. మన దేశమున, మన కూలీల చేతులతో తయారైన బండిలో, పరదేశస్థుని ప్రాణమునకు ఒక వెలయు మన ప్రాణమునకు ఒక వెలయు కట్టిరి గదా, దానిని మనమేల సహించితిమి?

ఆ చరిత్ర వినుడు. హ్యుందయ్ వారి తొలినాటి ఐ10 కారు శ్రీపెరుంబుదూరు యొద్ద తయారై ఐరోపాకు ఎగుమతి అయ్యెడిది. అక్కడివారి పరీక్షలో 2008లో దానికి 4 నక్షత్రములు వచ్చినవి. 2014 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ అను సంస్థ మన బజారులోని చవుకరకపు చిన్నకార్లను కొని గంటకు 64 కిలోమీటర్ల వేగమున అడ్డుగోడకు తాకించి చూచెను. ఆల్టో 800, నానో, ఫిగో, పోలో, ఆ ఐ10 - ఐదింటికిని వచ్చినది సున్న. రెండు పరీక్షల పద్ధతి ఒకటి కాదనుట నిజమే. కాని ఐరోపాకు పోవు బండిలో ఎయిర్‌బ్యాగులను గాలిసంచులున్నవి, ఇబ్రహీంపూరునకు వచ్చు చవుకరకములో లేవనుటయు నిజమే. పోలో కథ మరియు తేటగా నున్నది: సంచులు లేనపుడు సున్న, రెండు సంచులు పెట్టి పరీక్షింపగా 4 నక్షత్రములు. ఆ సంస్థవారు పిమ్మట సంచి లేని పోలోను మన దేశమున అమ్ముట మానిరి. పరీక్షించి లోకమునకు చెప్పువరకు మానలేదు సుమా!

మన చట్టము ఎంత మెల్లగా కదలినదో చూడుడు. డ్రైవరు ముందర ఒక సంచి తప్పనిసరియైనది 2019 జులైలో. ప్రక్కన కూర్చుండువానికి సంచి తప్పనిసరిగా అన్ని కార్లకును వచ్చుసరికి 2021 ముగిసినది. అనగా అంతవరకు భర్త ప్రాణము చట్టమునకు కనబడినది, ప్రక్కనున్న భార్య ప్రాణము కనబడలేదు. ఆరు సంచులు తప్పనిసరి చేయుదుమని చెప్పి, 2022 అక్టోబరు నుండి 2023 అక్టోబరునకు జరపి, తుదకు ఆ మాటనే విరమించుకొనిరి. పేదవాని కారు ధర పెరుగునని అపుడు చెప్పిన సాకు. పేదవానిపై ఇంత దయ కలిగినవారిని మేమెన్నడును చూడలేదు. 2023 అక్టోబరులో హ్యుందయ్ వారు తమ కార్లన్నిటను ఆరేసి సంచులు పెట్టిరి. 2025లో మారుతివారు ఆల్టోలోను, వాగనారులోను సైతము పెట్టిరి. కర్మాగారములు మూతబడలేదు. నిన్నటివరకు అసాధ్యమన్నది నేడు ప్రకటనలో ఘనతగా వెలయుచున్నది.

ధర మాట వచ్చినది గనుక ఒక ముచ్చట. చైత్రవైశాఖములలో సిద్దిపేట ఎండ ఎట్టిదో చెప్పనక్కరలేదు. ఇంటి పైకప్పునకు చిల్లి పడిన మేస్త్రిని పిలిచి పూడ్పించు మనిషి, కారు పైకప్పునకు చిల్లి ఉండవలెనని అదనముగా వేలకు వేలు చెల్లించుచున్నాడు! దానికి సన్‌రూఫని పేరు. వేలితో తాకిన వెలుగు అద్దపు పలకకు మరికొన్ని వేలు. వీనికి లేని ఖర్చు లెక్క, బిడ్డ తలను కాపాడు సంచి యొద్దకు వచ్చుసరికి మొలచుచున్నది.

ఇక రెండు పోటీకార్ల మధ్య భేదము లేనే లేదందుమా? కలదు, కాని బిళ్లలో లేదు. 2020వ సంవత్సరములో, ఒకే కొలబద్దతో, ఒకే సంస్థ చేసిన పరీక్షను చూడుడు. టాటావారి టియాగోకు పెద్దల రక్షణలో 4 నక్షత్రములు; హ్యుందయ్ వారి గ్రాండ్ ఐ10 నియోస్‌కు 2; మారుతివారి ఎస్‌ప్రెసోకు సున్న. మొదటి రెంటిలోను గాలిసంచులు రెండేసియే. చూచుటకు ఒక్క తీరు, ధర ఇంచుమించు ఒక్క తీరు, సంచుల లెక్కయు ఒకటే. నక్షత్రములు మాత్రము రెట్టింపు. కాబట్టి సంచులు లెక్కపెట్టినంత మాత్రమున పని కాదు. సంచి వెనుకనున్న ఇనుప చట్రము కూలకుండ నిలువవలెను. 2023లో వాగనారునకు రెండు సంచులుండియు ఒక్క నక్షత్రమే వచ్చినది. దెబ్బకు దాని చట్రము నిలకడ లేనిదని పరీక్షకులు వ్రాసిరి. అయితే ఆ ఒకటిని టియాగో నాలుగుతో ప్రక్కప్రక్కన పెట్టి తూచుట న్యాయము కాదు. 2022లో ఆ కొలబద్దనే కఠినము చేసిరి. ఏ యేటి పరీక్షయో చూడక నక్షత్రములు లెక్కపెట్టువాడు పాత కుంచముతోను క్రొత్త కుంచముతోను ఒకే రాశిని కొలిచి లెక్క కుదరలేదని ఏడ్చును. ఆ పరీక్షల తరువాత ఈ బండ్లు మారినవి కూడ. కావున నేడు అమ్ముచున్న రకమునకు, నేడు వచ్చిన నక్షత్రములెన్ని యని అడుగవలెను. షోరూములో తిప్పి చూపు బండి పైరకము, కాగితముపై బేరమాడునది క్రిందిరకము, ఇంటికి వచ్చునది ఆ క్రిందిరకమే. రెండు సంస్థల మధ్యనున్న భేదముకంటె ఒకే సంస్థవారి ఈ రెండు రకముల మధ్యనున్న భేదము పలుమారు పెద్దదిగా నుండును.

మైలేజి వాదులకును ఒక లెక్క చెప్పుదుము. ఏటికి 10,000 కిలోమీటర్లు తిరుగువానికి, లీటరునకు 20 వచ్చు బండికిని 22 వచ్చు బండికిని భేదము సుమారు 45 లీటర్లు. లీటరు నూరు రూపాయలనుకొన్నను ఏటికి 4,500. దీనికై పక్షములు కట్టినవారు అప్పు పత్రముపై మాత్రము చదువక సంతకము చేయుదురు. 6 లక్షల అప్పును నూటికి 9 వడ్డీకి 5 ఏండ్లలో తీర్చిన వడ్డీ సుమారు 1,47,000. అదే అప్పును కిస్తు చిన్నదగునని 7 ఏండ్లకు లాగిన సుమారు 2,11,000. భేదము 64,000! పదునాలుగేండ్ల మైలేజి భేదమంతయు ఒక్క సంతకముతో పోయినది. సేవాకేంద్రము ఇబ్రహీంపూరునకు ఎంత దూరము, విడిభాగము సిద్దిపేటలో దొరకునా లేక హైదరాబాదునకు నూరు కిలోమీటర్లు పోవలెనా యనునవి కూడ అడుగదగిన ప్రశ్నలే. వీనిపై ఊరిలో వాదము లేదు, ఏలయన వీనికి బిళ్ల లేదు.

నక్షత్రములు ఐదున్నను బెల్టు పెట్టుకొననివానికి అవి ఆకాశములోని నక్షత్రములే. 2022లో మన దేశపు రోడ్లపై 1,68,491 మంది మరణించిరి. అందు సీటుబెల్టు పెట్టుకొనక పోయినవారు 16,715 మంది. వారిలో ఇంచుమించు సగము మంది ప్రయాణికులే గాని డ్రైవర్లు కారు. బెల్టు పెట్టుకొనుమని బండి మొరపెట్టుకొనుచుండగా, ఆ నోరు మూయుటకు ఒక ఇనుపనాలుకను కొని తగిలించిన మహానుభావులును మనలో కలరు. 2023 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ అయిదు ఇంటర్నెట్ అంగళ్లను ఆజ్ఞాపించి ఆ ముక్కల అమ్మకమును తీసివేయించవలసి వచ్చెను. కర్మాగారమును, ప్రభుత్వమును ఇంతసేపు నిందించితిమి. ఈ ముక్కను కొన్నవానిని ఏమని నిందింపవలెనో మాకు తోచలేదు.

ఇప్పుడు గజముకర్ర మాటకు మరల వత్తము. 2025 సెప్టెంబరు 22వ తేదీ నుండి చిన్నకార్లపై జీఎస్టీని నూటికి 28 నుండి 18కి తగ్గించి, పైనున్న సెస్సును తీసివేసిరి. సామాన్యునికి మేలు జరిగినది, కాదనము. కాని చిన్నకారనగా నేమి? మరల నాలుగు మీటర్లే, మరల 1200, 1500 సీసీలే. ఇంత పన్ను వదలుకొనుచు ప్రభుత్వము బండి పొడవు అడిగినది గాని, ఆ బండి గోడను తాకిన లోపలివారు బ్రతుకుదురా యని అడుగలేదు. సున్న వచ్చిన బండికిని తగ్గింపే, ఐదు వచ్చిన బండికిని అంతే తగ్గింపు. ఇంతకంటె మంచి తరుణము ఎన్నడు వచ్చును? భారత్ ఎన్‌క్యాప్ అను మన సొంత పరీక్ష 2023 అక్టోబరు 1వ తేదీ నుండి నడచుచున్నది. ఆ పరీక్షకు బండిని పంపుట సంస్థవారి ఇష్టము. ఇష్టమున్నవాడు పరీక్షకు కూర్చుండును, లేనివాడు ఇంట కూర్చుండును; ఇట్టి పాఠశాల ఎక్కడనైన కలదా?

పొడవునకు పన్ను తగ్గించిన పొట్టిబండ్లు వచ్చినవి. నక్షత్రములకు పన్ను తగ్గించిన గట్టిబండ్లు వచ్చును. కర్మాగారములు ఆనాడు ఇండిగోను, డిజైరును కోసినంత వేగముగనే ఈనాడు చట్రములను బలపరచును. పరీక్ష అన్ని కార్లకును తప్పనిసరి కావలెను. క్రిందిరకమునకు వచ్చిన నక్షత్రములను ధర వ్రాసిన కాగితముపైననే, ధర వ్రాసినంత పెద్ద అక్షరములలో, తెలుగునాట తెలుగులో వ్రాయవలెను. మూడు నక్షత్రములకు లోబడిన బండికి ఏ తగ్గింపును ఈయరాదు. జీఎస్టీ మండలిలో ఇబ్రహీంపూరు గృహస్థునకు పీట లేదు. తెలంగాణ మంత్రికి కలదు, ఆంధ్రప్రదేశ్ మంత్రికిని కలదు. రాబోవు సమావేశములో ఈ ప్రశ్న వేయుదురా లేదా యని వారిద్దరిని పేరుపేరున అడుగుచున్నాము. ప్రతి పఠనమందిరము నుండియు వారికొక ఉత్తరము పోవలెనని కోరుచున్నాము.